మధ్యాహ్నం అయితే చాలు కార్ట్ గంతులేస్తోంది, సీటా యాక్సిలా జెట్టా?

బెజవాడ_125
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. హైదరాబాద్ లో ఉద్యోగం చేసేటప్పుడు కొంపల్లి రన్‌వే 9 లో రెంటల్ గో కార్ట్ లతో మొదలైంది, ఈ ఏడాది సెకండ్ హ్యాండ్ రోటాక్స్ సీనియర్ మ్యాక్స్ (125 సీసీ టూ స్ట్రోక్ రేసింగ్ కార్ట్) కొన్నాను, చెన్నైలో నడిపిన బండి. ఇప్పుడు ప్రాక్టీస్ కి బెంగళూరు తీసుకెళ్తున్నాం, రాత్రి బొలెరో పికప్ లో ఎక్కించి బయల్దేరితే తెల్లారేసరికి ట్రాక్ దగ్గర ఉంటాం.

సమస్య ఏంటంటే పొద్దున సెషన్లలో బండి చక్కగా ఉంటుంది, కొంచెం ముందు జారినట్టు ఉంటుంది అంతే. పదకొండు దాటి ట్రాక్ మీద టైర్ల రబ్బరు పడ్డాక పొడుగు కార్నర్ లో వెనక బయటి చక్రం టకటకమని ఎగురుతోంది, స్టీరింగ్ చేతిలో నిలవట్లేదు, ఆ తర్వాత ఎగ్జిట్ లో ఇంజిన్ కూడా డల్ అయిపోతోంది. ల్యాప్ టైమ్ పొద్దునకంటే బాగుండాల్సింది పోయి అర సెకను పోతోంది.

సెటప్: మోజో డీ5 టైర్లు, చల్లగా ఉన్నప్పుడు 12 పీఎస్ఐ. వెనక వెడల్పు 1385 మి.మీ. మీడియం యాక్సిల్. క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే పిన్ వెనక్కి వాలే కోణం) న్యూట్రల్. మెయిన్ జెట్ (కార్బ్యురేటర్ లో పెట్రోల్ వెళ్ళే రంధ్రం ఉన్న ముక్క) 128, పాత ఓనర్ వేసిందే. పెట్రోల్ మా ఊరి బంకులోదే, 2 శాతం ఆయిల్ కలిపి క్యాన్ లో తీసుకెళ్తాను. నా ఎత్తు ఆరడుగులు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కొంపల్లి_కార్టర్
బ్రో ముందు గాలి తగ్గియ్. 12 పెట్టుకొని మధ్యాహ్నం ఎండలో దిగితే వేడికి ఎంతకు పోతదో చూశినవా? సెషన్ అయిపోయి పిట్ లోకి రాంగనే గేజ్ పెట్టి చూడు, చల్లగున్నప్పుడు ఎంతున్నదని కాదు, వేడిగున్నప్పుడు ఎంతున్నదన్నదే లెక్క. నేనైతే ఎండకాలంల 10 తోనే దిగుత. ఇంకొకటి, 128 జెట్ చెన్నైది అంటున్నవ్ గదా, బెంగళూరుకు అది రిచ్ అయితది, అంటే గాలికి పెట్రోల్ ఎక్కువ పోతది. ఇంజిన్ డల్ గొడుతున్నది అందుకే. చిన్న జెట్ వెయ్.

గ్రిప్_మాస్టారు
ప్రెజర్ మాట నిజమే, కానీ గంతులకి అసలు కారణం అది కాదనుకుంటాను. కొత్తగా సొంత బండి కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కార్ట్ కి సస్పెన్షన్ ఉండదు, డిఫరెన్షియల్ ఉండదు. వెనక రెండు చక్రాలూ ఒకే యాక్సిల్ కి బిగించి ఉంటాయి, ఒకే వేగంతో తిరుగుతాయి. కార్నర్ లో లోపలి చక్రం తక్కువ దూరం వెళ్ళాలి, బయటిది ఎక్కువ దూరం వెళ్ళాలి, రెండూ నేలకి అతుక్కుని ఉంటే ఒకదాన్నొకటి లాక్కుంటాయి, బండి తిరగదు. అందుకే లోపలి వెనక చక్రం నేల వదిలి లేవాలి. స్టీరింగ్ తిప్పగానే క్యాస్టర్ కోణం వల్ల లోపలి ముందు చక్రం కిందికి నొక్కుతుంది, ఛాసిస్ మెలితిరుగుతుంది, అదే వైపున్న లోపలి వెనక చక్రం లేస్తుంది. ఛాసిస్ ట్యూబులే మన స్ప్రింగులు. ఎంత త్వరగా లేచింది, ఎంతసేపు లేచి ఉంది, ఎంత మెల్లగా దిగింది, సెటప్ అంటే ఈ మూడే.

చక్రం సరిగ్గా లేవకపోతే ఎగ్జిట్ లో ఇంజిన్ ఈడ్చినట్టు ఉంటుంది. అతిగా లేచి దబ్ మని పడితే, లేదా బయటి టైరు పట్టు ఎక్కువై వదిలి పట్టుకుంటుంటే గంతులు. మధ్యాహ్నం గ్రిప్ పెరుగుతుంది కాబట్టి రెండోదే మీ సమస్య. ఒంటి బరువు పైకి ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ, మీరు ఆరడుగులు అన్నారు. సీటు ఎంత కిందికి ఉంది? వెనక వెడల్పు 1400 వరకు పెంచుకోవచ్చు, మీకు ఇంకా జాగా ఉంది. క్యాస్టర్ కొంచెం తగ్గించండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

చైన్_219
మాస్టారు చెప్పినవన్నీ కరెక్టే కానీ నాకు ముందు ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి. కుడి మలుపుల్లో ఎగురుతోందా, ఎడమ మలుపుల్లోనా, రెండిట్లోనా?

బెజవాడ_125
మీరు అడిగాక వీడియో మళ్ళీ చూశానండీ. కుడి మలుపుల్లోనే. ఎడమ వైపు హెయిర్‌పిన్ లో ఒక్కసారి కూడా ఎగరలేదు.

చైన్_219
అయితే సెటప్ ముట్టుకోవద్దు తమ్ముడూ, స్పానర్ పక్కన పెట్టు. సెటప్ తప్పు అయితే రెండు వైపులా కనబడుతుంది. ఒక్క వైపే వస్తోందంటే బండిలో ఏదో వంగింది, లేదా విరిగింది, లేదా లూజైంది. కుడి మలుపులో బరువంతా ఎడమ వెనక మూల మీద పడుతుంది. అక్కడున్న ప్రతి ముక్కా విప్పి చూడాలి.

వరస చెప్తాను. బండిని స్టాండ్ మీద పెట్టి వెనక చక్రాలు తీసెయ్. ఒక స్క్రూడ్రైవర్ ని ఏదైనా కదలని దానికి ఆనించి దాని మొన యాక్సిల్ కి వెంట్రుకవాసి దూరంలో ఉంచి యాక్సిల్ ని చేత్తో తిప్పు. సందు పెరిగి తగ్గుతుంటే యాక్సిల్ వంగినట్టే, డయల్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. వంగిన యాక్సిల్ ని సరిచేయడాలు పెట్టుకోకు, మార్చెయ్. తర్వాత బేరింగ్ క్యారియర్ బోల్టులు, బేరింగ్ లో ఉండే చిన్న గ్రబ్ స్క్రూలు, హబ్ బోల్టులు. గ్రబ్ స్క్రూ లూజైతే యాక్సిల్ పక్కకి జరుగుతుంది, స్ప్రాకెట్ లైన్ తప్పుతుంది, చైన్ తెగేదాకా తెలియదు.

తర్వాత సీటు. సీటు ఫైబర్ లో బోల్టు రంధ్రాల చుట్టూ తెల్లటి గీతలు పడ్డాయా చూడు. సీటు నుంచి యాక్సిల్ క్యారియర్ వైపు వెళ్ళే స్టే రాడ్ ని పట్టుకుని ఊపి చూడు. ఆఖరికి వెల్డింగులు. బ్రేక్ క్లీనర్ తో జిడ్డంతా తుడిచి, సుద్ద పొడి రుద్ది, మెల్లగా ఊదు. పగులు ఉంటే సన్నటి గీతలా కనబడుతుంది. పెయింట్ మీద గోధుమరంగు తుప్పు గీత కనబడినా పగులు అనే అనుకో.

కొంపల్లి_కార్టర్
అన్నా సూపర్ పాయింట్, ఒకవైపు సంగతి నేను ఆలోచించలే. కానీ జెట్ మాట మీద మాత్రం నేను ఉంట, 128 బెంగళూరుకు ఎక్కువే.

గ్రిప్_మాస్టారు
జెట్ గురించి ఒక లెక్క. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. చెన్నైతో పోలిస్తే గాలి పీడనం దాదాపు పదో వంతు తక్కువ, కొంచెం చల్లగా ఉంటుంది కాబట్టి చిక్కదనంలో తేడా 8 శాతం అనుకుందాం. డెల్లార్టో జెట్ మీద నంబరు రంధ్రం వ్యాసం, 128 అంటే 1.28 మి.మీ. పెట్రోల్ ప్రవాహం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది, కాబట్టి 8 శాతం తగ్గించాలంటే నంబరులో 4 శాతం తగ్గిస్తే చాలు. 128 నుంచి 123 దగ్గరికి. ఈ మాత్రం వరకు మీరు చెప్పింది నిజం.

కానీ ఆయన వాడేది బంకు పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ లో ఆక్సిజన్ ఉంటుంది, అది మండడానికి గాలి తక్కువ చాలు. మామూలు పెట్రోల్ కి గాలి ఇంధనం నిష్పత్తి 14.7 అయితే ఈ20 కి 13.5 దగ్గర. అంటే అదే గాలికి దాదాపు 8 శాతం ఎక్కువ ఇంధనం వెళ్ళాలి. ఎత్తు వల్ల తగ్గించాల్సిందీ, ఈ20 వల్ల పెంచాల్సిందీ ఇంచుమించు చెల్లుకు చెల్లు. పాత ఓనర్ ఏ పెట్రోల్ తో 128 పెట్టాడో తెలియకుండా చిన్న జెట్ వేస్తే లీన్ అయ్యి, అంటే పెట్రోల్ తక్కువై, పిస్టన్ పోతుంది. రిచ్ అయితే అర సెకను పోతుంది, లీన్ అయితే ఇంజిన్ పోతుంది. టూ స్ట్రోక్ తో ఎప్పుడూ రిచ్ వైపు నుంచే రావాలి.

కొంపల్లి_కార్టర్
ఒప్పుకుంట మాస్టారూ. ఈ20 లెక్క నేను కలపలే.

డల్లాస్_206
టెక్సస్ నుంచి. ఇక్కడ నేను బ్రిగ్స్ 206 క్లాస్ లో నడుపుతాను, ఫోర్ స్ట్రోక్, ఫ్యాక్టరీ నుంచే సీల్ వేసి వస్తుంది, తొమ్మిది హార్స్ పవర్ కూడా ఉండదు. ఆయిల్ మార్చడం, కార్బ్ శుభ్రం చేయడం, క్లచ్ చూసుకోవడం, అంతే ఇంజిన్ పని. అందరి ఇంజిన్ ఒకటే కాబట్టి శనివారం రాత్రి గరాజ్ లో మేము చూసేదంతా ఛాసిస్, టైర్లు, యాక్సిల్. ఆ అనుభవంతో చెప్తున్నా, చైన్ గారు చెప్పిన ఒకవైపు పరీక్ష బంగారం లాంటిది.

సెకండ్ హ్యాండ్ ఛాసిస్ కొన్నారు కాబట్టి ఇంకోటి చూడండి, బండిని పక్కకి పడుకోబెట్టి కింది ట్యూబులు తడమండి. ట్రాక్ అంచు కర్బ్ ల మీద రుద్దుకుని రుద్దుకుని అడుగు వైపు చదునైపోతుంది. గుండ్రంగా ఉండాల్సిన ట్యూబు అడుగున బల్లపరుపుగా తగిలిందంటే గోడ పల్చబడినట్టు, అక్కడ స్ప్రింగ్ గుణం తగ్గిపోతుంది.

1956 లో కాలిఫోర్నియా గ్లెన్‌డేల్ లో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్ట్ చేసినప్పుడు కూడా ట్యూబులు, సీటు, వెనక వెస్ట్ బెండ్ టూ స్ట్రోక్ ఇంజిన్. సస్పెన్షన్ అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. అందుకే ట్యూబుని అంత శ్రద్ధగా చూసుకోవాలి.

ఫైనలియర్_మెక్
అన్నలూ మధ్యలో వస్తున్నందుకు సారీ, మా కాలేజీ టీమ్ కార్ట్ ఈవెంట్ కోసం బండి కడుతున్నాం పల్సర్ 150 ఇంజిన్ తో, మాకు కూడా టెస్టింగ్ లో బండి తిరగట్లేదు, స్టీరింగ్ తిప్పితే నేరుగా వెళ్ళిపోతోంది, లోపలి వెనక చక్రం అసలు లేవట్లేదు. ఫ్రేమ్ గట్టిగా ఉండాలని అన్ని చోట్లా క్రాస్ మెంబర్లు వేశాం, అనాలిసిస్ లో సేఫ్టీ ఫ్యాక్టర్ బాగా వచ్చింది.

చైన్_219
సమాధానం నీ ప్రశ్నలోనే ఉంది తమ్ముడూ. గట్టిగా కట్టేశారు, ఇక అది మెలితిరగదు. కాలేజీ బండ్లలో ఎక్కువ చూసేది ఇదే, రిపోర్ట్ లో మార్కులకి గట్టి ఫ్రేమ్ కడతారు, ట్రాక్ మీద అది కదలదు. మధ్యలో ఉన్న అడ్డ ట్యూబుల్లో అవసరం లేనివి తీసేయండి, క్యాస్టర్ ఎంత పెట్టారో చూడండి, చాలా టీములు సున్నా దగ్గర పెడతాయి, ఒక 12 డిగ్రీల దాకా అయినా ఉండాలి. ఆ పిన్ లోపలికి వాలే కోణం, అదే కింగ్ పిన్ వంపు, కూడా. చక్రం లేచిందా లేదా అన్నది కంప్యూటర్ అక్కర్లేదు, బండిలో డ్రైవర్ ని కూర్చోబెట్టి నిలబడ్డ చోటే స్టీరింగ్ పూర్తిగా తిప్పు, లోపలి వెనక టైరు కింద కాగితం పెట్టి లాగి చూడు. తేలిగ్గా వచ్చేయాలి.

ఫైనలియర్_మెక్
థాంక్యూ అన్నా, కాగితం టెస్ట్ రేపే చేస్తాం.

మైక్రోమ్యాక్స్_నాన్న
నేను డ్రైవర్ ని కాదు, మా అబ్బాయి బండికి మెకానిక్ ని. 2023 ఫిబ్రవరి 11 న నెక్లెస్ రోడ్ లో ఫార్ములా ఈ రేస్ చూసి వచ్చినప్పటి నుంచి వాడికి ఇదే లోకం, ఇప్పుడు మైక్రో మ్యాక్స్ నడుపుతున్నాడు. అదీ 125 సీసీయే, రెస్ట్రిక్టర్ పెట్టి పవర్ తగ్గిస్తారు. కోయంబత్తూరు, బెంగళూరు తిరుగుతున్నాం.

బెజవాడ గారూ, ఈ20 గురించి మాస్టారు చెప్పిందానికి ఇంకోటి కలుపుతాను. ఆయిల్ కలిపిన పెట్రోల్ ని క్యాన్ లో రోజుల తరబడి ఉంచకండి. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, ఎక్కువైతే నీళ్ళు ఇథనాల్ కలిసి అడుగుకి దిగిపోతాయి. ట్రాక్ దగ్గర ఆ పూటకి సరిపడా మాత్రమే కలపండి, 5 లీటర్లకి 100 మి.లీ. ఇంటికొచ్చేముందు ట్యాంక్ ఖాళీ చేసి, కార్బ్ కింది గిన్నె విప్పి ఆరబెట్టండి. వదిలేస్తే లోపల తెల్లటి పొరలా పేరుకుంటుంది, పైలట్ జెట్ మూసుకుపోతుంది, తర్వాతిసారి స్టార్ట్ అవ్వక సగం రోజు పోతుంది.

రేస్ రోజు సాయంత్రం మావాడు నిద్రపోయాక నేను చేసే పని ఇదే, ఎప్పుడూ ఇదే వరస. చైన్ తీసి డీజిల్ తో కడిగి ఆరాక లూబ్. స్ప్రాకెట్ పళ్ళు కొంకిలా వంగాయేమో చూడటం. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ రాడ్, దానికి తోడుగా ఉండే సేఫ్టీ కేబుల్. స్టీరింగ్ టై రాడ్ చివర్లు. ముందు స్టబ్ యాక్సిల్ వంగిందేమో టేప్ పెట్టి టో (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో) కొలవడం. రేడియేటర్ లో నీళ్ళు మాత్రమే, కూలెంట్ పోయకండి, లీకై ట్రాక్ మీద పడితే వెనకొచ్చే పిల్లలు జారిపోతారు. ప్రతి బోల్టు బిగించాక దాని మీద పెయింట్ మార్కర్ తో గీత గీస్తాను, తర్వాతి సెషన్ తర్వాత గీత తప్పితే అది లూజ్ అయినట్టు, చూడగానే తెలిసిపోతుంది.

లావణ్య_సందు
నాన్న గారి పోస్ట్ చదివి ఒక మాట చెప్పాలనిపించింది. నేను రెంటల్ లీగ్ లో నడుపుతాను, సొంత బండి కొనాలని చూస్తున్నా. 2020 లో హైదరాబాద్ శివార్లలో ఒక గో కార్టింగ్ ట్రాక్ లో జుట్టు చక్రంలో చిక్కుకుని ఒక అమ్మాయి ప్రాణం పోయింది. అప్పటి నుంచి నేను బండి ఎక్కేముందు చైన్ గార్డ్, వెనక యాక్సిల్ చుట్టూ ఉన్న కవర్ చేత్తో తడిమి చూడకుండా కూర్చోను, జుట్టు సూట్ లోపలికి వెళ్ళాలి, బాలక్లావా (హెల్మెట్ కింద వేసే తల తొడుగు) వేసుకోవాలి, చున్నీ స్కార్ఫ్ ఏవీ ఉండకూడదు. సొంత బండి ఉన్నవాళ్ళు ఫ్రెండ్స్ ని సరదాగా ఒక రౌండ్ అని ఎక్కిస్తారు కదా, దయచేసి వాళ్ళకీ ఇదే రూల్ పెట్టండి. రిబ్ ప్రొటెక్టర్ కూడా, సీటు అంచు పక్కటెముకల్ని ఎంత గట్టిగా కొడుతుందో రెంటల్ లో తెలియదు.

చైన్_219
లావణ్య గారు చెప్పింది ప్రతి ఒక్కరూ పాటించాలి. గార్డ్ లేని బండి నా పిట్ లో స్టార్ట్ చేయనివ్వను.

బెజవాడ_125
అందరికీ చాలా థాంక్స్. ఈ వారాంతం మొత్తం విప్పాను, చైన్ అన్న చెప్పిన వరసలోనే.

యాక్సిల్ బాగుంది, తిప్పితే సందు ఎక్కడా మారలేదు. బేరింగులు ఓకే, గ్రబ్ స్క్రూలు ఓకే. ఎడమ వైపు సీటు స్టే బోల్టు విప్పుతుంటే చిన్న కిర్రు శబ్దం వచ్చింది. బ్రేక్ క్లీనర్ తో తుడిచి సుద్ద రుద్ది ఊదాను. స్టే బిగించే పలక ఛాసిస్ ట్యూబు మీద వెల్డ్ అయిన చోట, వెల్డ్ పక్కనే, సగం చుట్టు నల్లటి గీత. స్టే ని బయటికి లాగితే గీత తెరుచుకుంటోంది, గోరు పడుతోంది, వదిలితే మూసుకుపోతోంది. పైనుంచి ఎవరో ఎర్ర పెయింట్ కొట్టి ఉన్నారు కాబట్టి కొన్నప్పుడు కనబడలేదు.

మాస్టారూ ఇది ఇప్పుడు ఎలా అతికించాలి? మా ఆటోనగర్ లో వెల్డింగ్ షాపులకి కొదవ లేదు.

గ్రిప్_మాస్టారు
గంతులకి కారణం దొరికింది. పొద్దున గ్రిప్ తక్కువ ఉన్నప్పుడు ఆ మూల మీద అంత బరువు పడదు, పగులు మూసుకునే ఉంటుంది. మధ్యాహ్నం బరువు పడినప్పుడు తెరుచుకుంటుంది, సీటు ఒక్కసారి వదులై మళ్ళీ బిగుస్తుంది, ఆ ఊపే చక్రానికి వెళ్తోంది. చక్రం నేల మీద నిలవకపోతే ఎగ్జిట్ లో ఇంజిన్ డల్ అనిపించడమూ సహజమే.

వెల్డింగ్ జాగ్రత్త. కార్ట్ ట్యూబు మామూలు ఇనుము కాదు, క్రోమ్ మాలిబ్డినమ్ స్టీల్, గోడ 2 మి.మీ. ఉంటుంది. గేట్లు, గ్రిల్లులు అతికించే రాడ్ వెల్డింగ్ చేయిస్తే వెల్డ్ నిలుస్తుంది, దాని పక్కన ట్యూబు పెళుసై మళ్ళీ విరుగుతుంది. టిగ్ (ఆర్గాన్ గ్యాస్ తో చేసే) వెల్డింగ్ చేసే మనిషి కావాలి, ఆటోనగర్ లో స్టెయిన్‌లెస్ పని చేసేవాళ్ళ దగ్గర ఉంటుంది. పగులు చివర్లలో చిన్న రంధ్రం వేసి, పగులంతా గ్రైండ్ చేసి తెరిచి, అప్పుడు వెల్డ్ చేయించండి. నీళ్ళు పోసి చల్లార్చనివ్వకండి, దానంతటది ఆరాలి. అదనంగా పట్టీలు వేసి గట్టి చేయాలని ఎవరైనా అంటే వద్దనండి, పైన ఫైనలియర్ కుర్రాడి బండికి జరిగిందే మీకూ జరుగుతుంది.

కొంపల్లి_కార్టర్
వెల్డ్ అయినంక సీటు మళ్ళ బిగించేటప్పుడు నాలుగు బాత్రూమ్ తూకం మిషన్లు తెచ్చి నాలుగు చక్రాల కింద పెట్టు బ్రో, నువ్వు సూట్ హెల్మెట్ వేస్కొని కూసో. ముందు 43, వెనక 57 శాతం దగ్గర రావాలె. ఎడమ కుడి దగ్గర దగ్గర సమానం. సీటు పెట్టుడే సగం సెటప్. ఒకరి సీటు స్థానం ఇంకొకరికి పడదు, పాత ఓనర్ పొట్టిగుంటే ఆయన పెట్టిన సీటు నీకు ఎత్తు అయి ఉంటది.

డల్లాస్_206
తూకం మిషన్లు నాలుగూ ఒకే మోడల్ తీసుకోండి, ముందు ఒకే బరువు నాలుగిటి మీదా పెట్టి తేడా రాసుకోండి. నేల సమంగా ఉందో లేదో కూడా చూసుకోవాలి, గరాజ్ నేల సాధారణంగా వాలుగా ఉంటుంది.

బెజవాడ_125
అప్‌డేట్. టిగ్ చేసే ఆయన దొరికారు, మాస్టారు చెప్పినట్టే రంధ్రాలు వేసి తెరిచి అతికించారు. సీటు ఒక వేలెడు కిందికి, కొంచెం వెనక్కి జరిపితే 43, 57 వచ్చింది. జెట్ 128 అలాగే ఉంచి ప్లగ్ రంగు చూశాను, ముదురు గోధుమ రంగు, కాబట్టి ముట్టుకోలేదు. పెట్రోల్ బెంగళూరులోనే పోయించుకుని ట్రాక్ దగ్గరే కలిపాను. గాలి 10.5 తో దిగాను.

మధ్యాహ్నం రెండింటికి, రబ్బరు బాగా పడిన ట్రాక్ మీద, కుడి మలుపులో పూర్తి లోడ్ తో వెళ్ళాను. ఒక్క గంతు లేదు. లోపలి చక్రం లేవడం, అపెక్స్ (మలుపు లోపలి మొన) దాటాక మెత్తగా దిగడం నడుముకే తెలుస్తోంది. పోయిన అర సెకను వచ్చింది, పైన ఇంకొంచెం కూడా. ఇప్పుడు పొద్దున సెషన్ లో ఆ అండర్‌స్టీర్, అదే ముందు జారడం, ఒక్కటి మిగిలింది.

చైన్_219
శభాష్. వెల్డ్ దగ్గర పెయింట్ కొట్టకు, రంగులేని వార్నిష్ ఒక పూత చాలు, ప్రతి సెషన్ తర్వాత కంటితో చూసుకునేలా ఉండాలి. పొద్దున అండర్‌స్టీర్ కి ముందు చక్రాలు ఒక్కో స్పేసర్ (చక్రం పక్కన వేసే రింగు) మేర బయటికి జరిపి చూడు, మధ్యాహ్నం మళ్ళీ లోపలికి తెచ్చుకో.

లావణ్య_సందు
బెజవాడ గారూ ఆ టిగ్ చేసే ఆయన వేరే ఊరి బండ్లు కూడా తీసుకుంటారా? నేను చూస్తున్న ఛాసిస్ కి కూడా సీటు స్టే దగ్గర కొత్త పెయింట్ ఉంది, కొనేముందు గీకి చూస్తానంటే అమ్మేవాళ్ళు ఒప్పుకోవట్లేదు.

చైన్_219
గీకనివ్వకపోతే కొనకు అమ్మా. అంతే.